పద్నాలుగు బ్రిక్స్

గుడిపాల దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెలంతా ట్రాక్టర్లు రోడ్డు మీదే నిద్రపోతాయి
తోతాపురి కాయల బరువుతో.
లోపల, లాబ్‌లో, నా పని చుక్కతో.
అద్దం మీద ఒక చుక్క గుజ్జు,
వెలుగుకెత్తి ఒంటికన్నుతో చూస్తే
నీలం గీత ఎక్కడ ఆగితే అంత తీపి.
పద్నాలుగు. పద్నాలుగున్నర.
రాసుకో. తుడువు. ఇంకో చుక్క.

నాకు ఇరవై నాలుగేళ్లు.
ఫిబ్రవరిలో రాయవేలూరులో
కుప్పత్త కాలి బొటనవేలు తీసేసినారు.
ఆసుపత్రి వరండాలో ఎవరో పెద్దమనిషి, మాటవరసకి,
"మీ ఇంట్లో ఇంకెవరికుంది?" అన్నాడు.
ఆ ప్రశ్న మాతోనే బస్సెక్కింది.
టిక్కెట్టు తీసుకోలేదు. చిత్తూరొచ్చినా దిగలేదు.

అప్పటి నుంచి దాహం నాకు దాహంలా లేదు.
మే నెల, రేకుల ఇల్లు,
కుక్కలు కూడా మురిక్కాలవలో పడుకునే ఎండ.
అందరికీ దప్పికే, నాదొక్కటే సాక్ష్యం.
రాత్రి రెండుసార్లు లేస్తే, రెండు.
మూడోసారి, లేచింది అవసరానికా లెక్కకా?
అరగంట మఠం వేసుక్కూర్చున్న సంగతి మరిచి
తిమ్మిరెక్కిన కాలి వేలు గిల్లి అడుగుతాను:
ఉండావా?

చీమల సంగతి చెప్పాలంటే సిగ్గు.
చక్కెరుంటే చీమలే చెప్తాయని జేజి అనేది.
నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివినాను.
అయినా బాత్రూమ్ గడపలో ఫోన్ లైటు పట్టుకుని
బారు ఎటు మళ్లుతుందో అని నిలబడినాను
బోనులో నిలబడినట్లు.
అవి గోడవారన పోయినాయి, చచ్చిన బొద్దింక దగ్గరికి.
నమ్మలేదు.
పొరపాటు పడినాయేమో అనుకున్నాను.

కుప్పత్త మిషను మంచం కింద బిస్కెట్ల డబ్బాలో ఉంటాది.
ఆమె గురక మొదలైనాక తీస్తాను.
వేలి కొసన సూది, ఒక చుక్క.
అయిదు, నాలుగు, మూడు,
మిషను వెనక్కి లెక్కపెడతాది,
నేను ముందుకి ముసలిదాన్నై
చెప్పు నిలవని కాలితో మెట్లు దిగతా ఉంటాను.
తొంభై ఆరు.
ఆ అంకె చల్లగా ఉంటాది, మళ్లా పక్క చేరేంత సేపు.
వేలికి చెమటుండిందేమో. చుక్క చాల్లేదేమో.
ఇంకో వేలు.
ఫ్యాక్టరీలో డ్రమ్ముకి ఒక్కసారే చూసి సంతకం పెడతాను.
అది ఓడెక్కి పోతాది, ఎవరూ వెనక్కి పిలవరు.
నా ఒంటికి మాత్రం
సంతకం పెట్టలేకపోయినాను.

ఒక రాత్రి చీకట్లోంచి గొంతు:
"స్ట్రిప్పులు తగ్గతా ఉంటే ఎలక తింటాందేమో అనుకుంటి.
ఈ ఎలక కళ్లద్దాలు పెట్టుకునుందే."
లైటు వేసింది. తిట్టలేదు.
కట్టు కట్టిన కాలు పక్కకి జరిపి చోటిచ్చింది.
"చక్కెర నాకొచ్చింది, దిగులు నీకొచ్చింది.
నాదానికి మాత్రలుండాయి. నీదానికేం మింగుతావు?"
ఏడుపొచ్చింది. దాని వెనకే దప్పిక.
నీళ్లు ఆమే ముంచిచ్చింది.
ఆ చెంబు ఎన్నోదో నాకు తెలీదు.

మర్నాడు పెద్దాసుపత్రిలో నర్సు ఎస్తేరమ్మ
మూడు నెలల సగటు కాగితం చూసి
"బాగుండాది. ఇంట్లో ఉంది కాబట్టి ఏడాదికొకసారి రా,
వచ్చే కాయల సీజన్‌కి. మధ్యలో వద్దు" అనింది
నల్లచుక్కలు పడిన నా వేళ్లు చూస్తా.
మధ్యలో.
మూడువందల అరవై నాలుగు రోజులు
మధ్యలోనే కదా ఉండేది.

మిషను ఇప్పుడు బీరువాలో, తాళం కుప్పత్త కొంగులో.
పొద్దున రైల్వే గేటు దాకా నడుస్తాం.
ఆమె కోసమని నేను, నా కోసమని ఆమె
చెరొక అబద్ధం చెప్పుకుంటాం.
దిగులు పోలేదు.
కాయల ట్రాక్టరులాగ రోడ్డు పక్కన నిలబడి ఉంటాది,
ఇంజను ఆపకుండా.

నిన్న గిన్నెలో మిగిలిన గుజ్జు
వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను, చాన్నాళ్లకి.
పులుపే ముందు తగిలింది.

రాత్రి లేచినాను.
లెక్కపెట్టలేదని అబద్ధం చెప్పను.
ఒకటి అనుకుని
పడుకున్నాను.